అన్నయ్య ఫోన్ చేస్తే డబ్బు పంపేది నువ్వే కదా

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు వైపు, మిర్చి వ్యాపారం. యార్డులో కమీషన్ కొట్టు ఉంది, బయట ఒక కోల్డ్ స్టోరేజి ఉంది. నాన్న పోయాక అమ్మ, అన్నయ్య, నేను ముగ్గురం పార్ట్‌నర్లం. బయట వ్యవహారం అంతా అన్నయ్యే, లెక్కలూ బ్యాంకూ నేను చూస్తా. మూడేళ్ళ కింద ఫ్రెండ్స్‌తో గోవా వెళ్ళి కాసినోలో నాలుగు లక్షలు గెలిచొచ్చాడు, అక్కణ్ణించి మొదలైంది. ఇప్పుడు నెలకి రెండుసార్లు, శుక్రవారం సాయంత్రం వెళ్తాడు, రాత్రి ఫోన్ చేసి ఐదు పంపు, ఇంకో ఐదు పంపు అంటాడు, నేను ఫర్మ్ అకౌంట్ నుంచి పంపిస్తా. కోటీ నలభై లక్షలు దాటింది, లెక్కల్లో అన్నయ్య పేరు మీద హ్యాండ్ లోన్ అని రాస్తున్నా. ఎవరో జపాన్ టిష్యూ పేపర్ కంపెనీ చైర్మన్ జూదంలో మునిగిపోయిన కథ చదివి అన్నయ్యకి చూపించా, "వాడు వెధవ, నాకు లిమిట్ తెలుసు, అయినా తిరిగి కట్టేస్తా కదా" అన్నాడు. అంత చదువుకున్నోడు, అంత డబ్బున్నోడు అలా ఎలా అయ్యాడండీ? మా అన్నయ్య కూడా అలాగే అవుతాడా? వదినకి చెప్పాలా? అమ్మకి గుండె జబ్బు, ఆవిడకి చెప్పాలంటే భయం. పేరు వద్దు.

సమాధానం:

తమ్ముడూ, మీ అన్నయ్య ఆ జపాన్ ఆయనలా అవుతాడా అని అడిగావు, అది నాకు తెలీదు, జ్యోతిష్యం నాకు రాదు. కానీ ఆ కథలో నువ్వున్నావయ్యా, నీకు కనపడలేదేమో. నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యా, ఇలాంటి కథ ఏది విన్నా అందరూ ముక్కలు పట్టుకున్నోడి వైపు చూస్తారు, నా చూపు మాత్రం డబ్బు పంపినోడి మీదకి పోతుంది, పాత అలవాటు. అందుకే ఆ కథ నా పద్ధతిలో మళ్ళీ చెప్తా, విను.

ఆయన పేరు మోతోతకా ఇకావా. కంపెనీ దైయో పేపర్, జపాన్‌లో షికోకు దీవి, ఎహిమే అనే ప్రాంతం, వాళ్ళ తాత 1943లో పెట్టింది. కాగితం కంపెనీల్లో ఆ దేశంలో మూడోది. ఎలియేర్ అని వాళ్ళ టిష్యూ పేపరు అక్కడ ఇంటింటా కనపడే సరుకు. ఈయన 1964లో పుట్టాడు, టోక్యో యూనివర్సిటీలో లా చదివాడు, అంటే మనకి ఐఐటీ, ఐఏఎస్ కలిపితే ఎంత గౌరవమో అంత అనుకో. 2007లో నలభై రెండేళ్ళకే ప్రెసిడెంటు అయ్యాడు, 2011 జూన్‌లో చైర్మన్. పనిచేతకానోడు అని ఆయన్ని ఎవరూ అన్లేదు, టిష్యూలు డైపర్ల వ్యాపారం బాగానే నడిపించాడు. కుటుంబంతో ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌కి షికారుకెళ్ళినప్పుడు కాసినోలో గెలిచాడు, అదీ మొదలు. మీ అన్నయ్య గోవాలో గెలిచిన నాలుగు లక్షలు గుర్తొచ్చాయా? మొదటిసారి పోగొట్టుకున్నోడు చాలామటుకు ఇంటికొచ్చి నోరు మూసుకుంటాడు, మొదటిసారి గెలిచినోడితోనే వస్తుంది తంటా.

ఆ తర్వాత షేర్లలో, కరెన్సీ ట్రేడింగ్‌లో బాగా పోగొట్టుకున్నాడు, ఆ గొయ్యి పూడ్చడానికి మకావు, సింగపూర్ కాసినోలు. సొంత డబ్బు అయిపోయింది. ఇక్కణ్ణించి జాగ్రత్తగా చదువు. 2010 మే నుంచి 2011 సెప్టెంబరు దాకా దైయో పేపర్ కింద ఉన్న చిన్న చిన్న కంపెనీల డైరెక్టర్లకి ఈయన ఫోన్ చేసేవాడు, ఇంత డబ్బు, ఫలానా అకౌంటుకి పంపండి అని. వాళ్ళు పంపేవాళ్ళు. ఎందుకు అని అడగరు, తాకట్టు లేదు, బోర్డు తీర్మానం ముందుగా లేదు, కొన్నిసార్లు ఆయన సొంత అకౌంటుకి, కొన్నిసార్లు ఏకంగా కాసినోకి సంబంధించిన కంపెనీ అకౌంటుకి. పుస్తకాల్లో మాత్రం అప్పు అని రాసేవాళ్ళు. మొత్తం 1,068 కోట్ల యెన్లు, అప్పటి రేటులో మన డబ్బులో సుమారు 700 కోట్లు. తర్వాత కంపెనీ వేసిన విచారణ కమిటీ తేల్చింది ఏంటంటే, ఆ కంపెనీల్లో ఇకావా కుటుంబం మాటకి ఎదురు చెప్పే అలవాటే ఎవరికీ లేదు. పెద్దాయన కొడుకు అడిగాడు, పంపాం. అంతే.

ఫోన్ వస్తుంది, పంపుతారు, అప్పుగా రాస్తారు. నీ ఉత్తరంలో ఉన్నది కూడా ఈ మూడు ముక్కలే కదా.

మరి ఎలా ఆగింది అంటావా, ఆయనకి బుద్ధొచ్చి ఆగలేదు. 2011 సెప్టెంబరులో ఒక కింది కంపెనీ నుంచి హెడ్ ఆఫీసుకి ఒక మెయిల్ వెళ్ళింది, ఇలా డబ్బు పోతోంది అని. ఒక్క మెయిల్ అయ్యా. ఆ నెలలోనే చైర్మన్ పదవి పోయింది, నవంబరు 22న టోక్యో ప్రాసిక్యూటర్లు అరెస్టు చేశారు. ఆయన నాన్న, కంపెనీని అంత పెద్దది చేసిన మనిషి, సలహాదారుగా ఉంటే ఆయన్నీ తీసేశారు. 2012 అక్టోబరులో కోర్టు నాలుగేళ్ళు వేసింది, 2013లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా మారలేదు.

"తిరిగి కట్టేస్తా కదా" అన్నాడు చూడు మీ అన్నయ్య. ఇకావా కూడా కట్టేశాడు. కుటుంబం షేర్లు అమ్మి కట్టారు, ఆ షేర్లు 2012లో ఇంకో కాగితం కంపెనీ హొకుయెత్సు చేతికి వెళ్ళాయి, తాత పెట్టిన కంపెనీ మీద మనవళ్ళకి పట్టు పోయింది. అంతా కట్టాక కూడా జైలు తప్పలేదు, ఎందుకంటే కేసు అప్పు ఎగ్గొట్టినందుకు కాదు, కంపెనీ నమ్మి చేతిలో పెట్టిన అధికారాన్ని సొంతానికి వాడినందుకు. ఇంకో సంగతి, 2016 డిసెంబరులో పెరోల్ మీద బయటికొచ్చాడు, ఆ తర్వాత మళ్ళీ కొరియా కాసినోకి వెళ్ళానని తనే రాసుకున్నాడు. పరువు పోతే మారతాడులే, దెబ్బ తగిలితే మారతాడులే అని మనవాళ్ళు అంటుంటారు కదా, అలా అన్నవాళ్ళకి ఈ ముక్క చెప్పు.

ఇప్పుడు లిమిట్ సంగతి. ఇకావా ఆడింది బకరా అనే ఆట, కాసినోల్లో పెద్ద పందేలన్నీ దానిమీదే. (హైదరాబాదులో బకరా అంటే అర్థం ఏంటో నీకు తెలుసు, పేరు భలే కుదిరింది.) అందులో తెలివికి పనేం లేదు. మనం చిన్నప్పుడు ఆడిన లోపలా బయటా లాంటిదే, రెండు వైపులు, ఒకటి ప్లేయర్, ఒకటి బ్యాంకర్, ఏ వైపు తొమ్మిదికి దగ్గరగా వస్తే ఆ వైపు గెలుపు, మూడో ముక్క తీయాలా వద్దా అన్నది కూడా రూలే చెప్తుంది, ఆడేవాడు ఏం చెయ్యడు. బ్యాంకర్ వైపు పెడితే కాసినోకి మిగిలేది నూటికి రూపాయి ఆరు పైసలు, ప్లేయర్ వైపు అయితే రూపాయి పావలా కాస్త తక్కువ. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. గంటకి డెబ్బై చేతులు, అంటే డెబ్బై ఆటలు, పడతాయనుకో, చేతికి పదివేలు పెడితే గంటలో బల్ల మీద తిరిగిన డబ్బు ఏడు లక్షలు, దానిమీద నూటికి రూపాయి చొప్పున గంటకి ఏడువేల పైన సగటున పోతుంది. రాత్రంతా కూర్చుంటే డెబ్బై వేలు. ఇది సగటు లెక్క, ఒకరోజు గెలుస్తాడు, ఒకరోజు నాలుగు రెట్లు పోతుంది. పోయిన రోజు ఏం చేస్తాడు, చేతికి పదివేలు పెట్టేవాడు యాభై పెడతాడు, పోయింది లాగాలి కదా మరి. ఇకావా లాంటివాళ్ళు చేతికి లక్షలూ కోట్లూ పెట్టిందీ అలాగే పెంచుకుంటూ పోయే. శుక్రవారం రాత్రి రెండోసారి ఫోన్ వచ్చిందంటేనే మీ అన్నయ్య అనుకున్న లిమిట్ ఆ రాత్రికి దాటిపోయిందని అర్థం, లిమిట్ ఉన్నోడికి రెండో ఫోన్ ఎందుకు?

ఫ్రీ రూము, ఫ్రీ టికెట్లు, కాసినో నుంచి తెలుగులో అన్నా అన్నా అని ఫోన్ చేసే కుర్రాడు, ఇవన్నీ మీ అన్నయ్యకి కూడా ఉండే ఉంటాయి, ఉంటే అది గౌరవం అనుకుంటూ ఉంటాడు. అమెరికాలో టెర్రీ వతనబే అని ఒకాయన ఉన్నాడు, ఒమాహా ఊరు, నాన్న పెట్టిన ఓరియంటల్ ట్రేడింగ్ అనే పార్టీ సామాన్ల కంపెనీని పెద్దది చేసి 2000లో అమ్మేశాడు, చేతిలో డబ్బు, చెయ్యడానికి పని లేదు. లాస్ వెగాస్‌లో ఒక కాసినో ఆయన్ని చూసి భయపడి ఇక రావద్దంది. వేరే కాసినో ఎదురొచ్చి తీసుకెళ్ళింది, ఎవరికీ లేని పెద్ద హోదా ఇచ్చింది, 2007 ఒక్క ఏడాదిలో సీజర్స్ ప్యాలెస్, రియో రెండిట్లో కలిపి సుమారు 12 కోట్ల 70 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. చివరికి దాదాపు కోటిన్నర డాలర్ల బాకీ కట్టలేదని ఆయన మీదే క్రిమినల్ కేసు పెట్టించారు, మత్తులో ఉన్నా ఆడనిచ్చారని ఆయన ఎదురు కేసు వేశాడు, కాసినో కాదంది, 2010లో రాజీ పడ్డారు. ఆ వ్యవహారంలో కాసినోకి పడిన జరిమానా ఎంతో తెలుసా, 2 లక్షల 25 వేల డాలర్లు. ఆయన ఒక్కోసారి నాలుగైదు చేతుల్లో పోగొట్టుకునే డబ్బు అది. ఆ రూము ఫ్రీ కాదు తమ్ముడూ, మీ మిర్చి డబ్బుతో ముందే బిల్లు కట్టారు.

ఫోన్లో రమ్మీ లాంటివి కూడా ఆడతాడేమో కనుక్కో. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రా 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది, అయినా ఏజెంట్లు ఐడీలు ఇస్తూనే ఉన్నారు, పోతే అడగడానికి ఆఫీసు కూడా ఉండదు. గోవా కాసినో పడవలేమో ఏ చట్టానికీ కదలకుండా మాండవి నదిలో అలాగే తేలుతున్నాయి.

సరే, నీ సంగతికొద్దాం. నీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వంది ఏంటంటే నువ్వు రాయని ఒక మాట. కమీషన్ కొట్టు అకౌంట్లో ఉన్న డబ్బు ఎవరిది? రైతు టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, అమ్ముడయ్యాక మీ కమీషన్, హమాలీ పోను మిగతాదంతా ఆ రైతుది, రెండ్రోజులు మీ దగ్గర ఉంటుంది అంతే. సీజన్లో ఒకరి డబ్బు ఇంకొకరికి సర్దుతూ నెట్టుకొచ్చేస్తావు, తెలుసు నాకు, చూశాను ఇలాంటి అకౌంట్లు. రేటు పడిపోయిన ఏడాదో, ఒక కొనుగోలుదారుడు చేతులెత్తేసిన ఏడాదో అది బయటపడుతుంది, అప్పుడు నీ కొట్టు ముందు నిలబడేది గోవా కాసినో వాళ్ళు కాదు. ఇంకా ముఖ్యం, కోల్డ్ స్టోరేజిలో రైతుల సరుకు మీద ఇచ్చే బాండ్లు రేపు పొద్దున్నే ఒక్కొక్కటీ తీసి సరిచూడు, వాటిమీద బ్యాంకులో నీకు తెలియకుండా అప్పు ఏమన్నా ఉందేమో. ఉండకూడదనే కోరుకుంటున్నా. ఉంటే ఇక ఇది ఇంటి గొడవ కాదు, ఆ రోజే లాయర్ దగ్గరికి వెళ్ళు.

నువ్వు మంచోడివే, అన్న మాట జవదాటవు, నాన్న తర్వాత నాన్న. కానీ 1932 నాటి భాగస్వామ్య చట్టం ఆ మంచితనం చూడదు, ఫర్మ్ చేసిన అప్పుకి ప్రతి పార్ట్‌నరూ మొత్తానికీ బాధ్యుడే, నీ వాటా వరకే అని కూడా లేదు. అంటే నీ ఇల్లు, అమ్మ పేరు మీదున్న పొలం అన్నీ. అమ్మకి గుండె జబ్బు, చెప్పను అంటున్నావు, అమ్మ సంతకం ఉన్న ఫర్మ్‌లోంచే ఈ డబ్బు పోతోంది. బ్యాంకు నోటీసు ఇంటికొస్తే తలుపు తీసేది ఆవిడే కదా. డాక్టర్ని అడిగి, మీ మేనమామో ఎవరో ఆవిడ నమ్మే మనిషిని పక్కన పెట్టుకుని, పగటిపూట, నెమ్మదిగా చెప్పు.

బ్యాంకులో ఏం చెయ్యాలంటే, ఇప్పుడు ఎవరో ఒకరి సంతకంతో నడుస్తున్నట్టుంది మీ అకౌంటు. దాన్ని ఇద్దరి సంతకాలకి మార్చాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలంటారు, అన్నయ్య ఒప్పుకోడనుకో, పార్ట్‌నర్‌గా నువ్వొక్కడివే మేనేజర్‌కి రాతపూర్వకంగా, ఒకరి సంతకం మీద డబ్బు వదలొద్దు అని ఉత్తరం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. ఆ ఉత్తరం చేతిలో పడ్డాక ఏ మేనేజరూ రిస్కు తీసుకోడు, అకౌంటు ఆపి కూర్చుంటాడు, అప్పుడు అన్నయ్యే దారికొస్తాడు. అయితే రైతుల చెల్లింపులు ఆగిపోకుండా ముందే చూసుకో, అకౌంటు ఆపేముందు బాకీ ఉన్న రైతులకి ఇచ్చెయ్యి, లేకపోతే నువ్వు పెట్టిన మంట నీకే అంటుకుంటుంది. నెట్ బ్యాంకింగ్‌లో మేకర్, చెకర్ అని ఒక పద్ధతి ఉంది, ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు ఓకే చెయ్యాలి, నువ్వు మేకర్, అమ్మ చెకర్ పెట్టించుకో, రాత్రి పదకొండింటికి అమ్మని నిద్ర లేపి ఓటీపీ అడగమని అన్నయ్యకి చెప్పు, చూద్దాం అడుగుతాడేమో. రైతుల డబ్బుకి వేరే అకౌంటు. కోటీ నలభై లక్షలకి తారీఖులతో సహా లెక్క రాసి అన్నయ్య చేత సంతకం పెట్టించు, పెట్టకపోతే ఆడిటర్‌కి మెయిల్ పెట్టు, రికార్డు ఉండాలి.

వదినకి చెప్పాలా అన్నావు. నలుడి కథలో పుష్కరుడితో పాచికల దగ్గర కూర్చున్న నలుడు మంత్రులు వచ్చినా, ఊరి జనం వచ్చినా లేవలేదు, దమయంతి ఏడ్చి చెప్పినా వినలేదు. అప్పుడు ఆవిడ ఏం చేసింది? సారథిని పిలిచి పిల్లలిద్దర్నీ రథం ఎక్కించి పుట్టింటికి పంపేసింది. మొగుడు మారతాడా మారడా అన్నది తర్వాత, ముందు పిల్లల్ని తప్పించింది, ఆఖర్న అన్నీ పోయాక కూడా ఆ పిల్లలు కుండినపురంలో క్షేమంగా ఉన్నారు. మీ వదినకి ఆ అవకాశం నువ్వు ఇవ్వట్లేదు, ఆవిడకి సంగతే తెలీదు. ఆవిడ బంగారం ఎక్కడుందో, పిల్లల పేరు మీద వేసిన డిపాజిట్లు ఉన్నాయో లేదో ఆవిడే చూసుకోవాలి. చెప్పు, ఈ వారమే. చాడీ చెప్తున్నట్టు కాకుండా లెక్కల పుస్తకం ముందు పెట్టి చెప్పు.

ఇక అన్నయ్య. ఆయన చెడ్డోడు అని నేను ఈ ఉత్తరంలో ఎక్కడా అన్లేదు, గమనించు. జూదం ఆపుకోలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, తాగుడు లాగానే దీనికీ వైద్యం ఉంది, కౌన్సెలింగ్ ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌కి తీసుకెళ్ళొచ్చు, అంత దూరం ఎందుకంటే ఎర్రగడ్డ ఉంది, వైజాగ్ మానసిక వైద్యశాల ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, నువ్వే చేసి అడుగు, పేషెంటే చెయ్యాలని లేదు. డబ్బు ఆపిన మొదటి వారాల్లో అన్నయ్య మీద కన్నేసి ఉంచు, బాకీలు బయటపడ్డప్పుడు ఇలాంటి మనుషులు ప్రాణం తీసుకోవాలని కూడా అనుకుంటారు, అలాంటి ఆలోచన వస్తోందా అన్నయ్యా అని నోరు తెరిచి అడుగు, అడిగితే ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. అరిచినా ఆయన పక్కనే ఉండు. బయట వేరే వడ్డీవ్యాపారులకి ఏమన్నా ఉందేమో కూడా అప్పుడే తెలుస్తుంది, సాధారణంగా ఉంటుంది, చెప్పిన దానికి రెట్టింపు ఉంటుంది.

అప్పులు నువ్వు తీర్చెయ్యకు. అదొక్కటి గట్టిగా పట్టుకో. ఈ ఒక్కసారి తీర్చేస్తే మళ్ళీ ఆడను అని అమ్మ తల మీద చెయ్యి పెడతాడు, ఆ క్షణంలో నిజంగానే అంటాడు, అయినా తీర్చకు, కోలుకునే పని మొదలయ్యాక డాక్టరూ ఆడిటరూ కలిసి చెప్పిన పద్ధతిలో ఆయన వాటా లాభంలోంచి నెలనెలా కట్టుకుంటాడు.

ఈ వారం ఈ పనులు చేస్తే శుక్రవారం రాత్రి ఎలాగూ ఫోన్ వస్తుంది. వాదించకు, నీతులు చెప్పకు, ఏడవకు. ఇప్పుడు డబ్బు పంపే పవర్ నా ఒక్కడి చేతిలో లేదన్నయ్యా అని చెప్పు. అప్పటికి నిజంగానే ఉండదు కాబట్టి గొంతు వణకదు. తిడతాడు, పెట్టేస్తాడు. ఓ గంటాగి నువ్వే తిరిగి చేసి, అన్నం తిన్నావా, పొద్దున ఏ ఫ్లైటుకి వస్తున్నావు, ఎయిర్‌పోర్టుకి బండి తీసుకురానా అని అడుగు.